ఫుల్‌స్కేప్‌లో ‘ఫుల్’ ఎక్కడిది?

సందేహం: చిన్నప్పుడు పరీక్షలకు ఫుల్‌స్కేప్ పేపర్లు కొనేవాళ్లం. ఫుల్ అన్నారు కాబట్టి ‘పూర్తి సైజు కాగితం’ అని అర్థమా? మా నాన్నగారు వాటినే ఠావులు అంటారు. పుస్తకాల సైజు చెప్పే క్రౌన్, డెమ్మీ ఎలా వచ్చాయి?

సమాధానం: చాలామంది అలాగే అనుకుంటారు కానీ, ఆ మాటలో ‘ఫుల్’ లేదు. అది ‘ఫూల్స్ క్యాప్’, అంటే విదూషకుడి టోపీ. యూరప్‌లో కాగితం చేత్తో తయారుచేసే రోజుల్లో గుజ్జును తీగల జల్లెడతో తోడేవారు. ఆ జల్లెడ మీద సన్నని తీగను ఒక బొమ్మగా వంచి కుట్టేవారు. తీగ ఉన్నచోట గుజ్జు పలచగా పేరుకునేది. ఆరిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ బొమ్మ కనిపించేది. అదే వాటర్‌మార్క్. చివర్న మువ్వలున్న విదూషకుడి టోపీ గుర్తు అలా వేసిందే. గుర్తు పేరే పోనుపోను కొలత పేరైంది: షీటు 17 × 13½ అంగుళాలు, సగానికి మడిస్తే 13½ × 8½.

ఇంగ్లండులో రాజరికాన్ని కూలదోసిన క్రామ్‌వెల్ కాలపు పార్లమెంటు కాగితాల మీది రాజముద్ర తీసేసి ఈ టోపీ పెట్టించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మకండి. క్రామ్‌వెల్ 17వ శతాబ్దం వాడు, ఈ గుర్తు 15వ శతాబ్దానికే ఉంది.

క్రౌన్ కూడా అంతే, కిరీటం గుర్తు. షీటు 20 × 15 అంగుళాలు. డెమ్మీ దారి వేరు. అది సగం అనే అర్థమున్న ఫ్రెంచి ‘దెమి’ నుంచి వచ్చింది. షీటు 22½ × 17½. దాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు వస్తాయి. మన ప్రచురణకర్తలు ‘డెమ్మీ 1/8’ అనేది దీన్నే.

ఇక ఠావు. హిందీ, మరాఠీల్లోనూ కాగితపు షీటును ‘తావ్’ అంటారు. 24 ఠావులు ఒక దస్తా. పారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, దస్తా అంటే చేతికి పట్టినంత కట్ట. 20 దస్తాలు ఒక రీము, అంటే 480 ఠావులు. ఇప్పుడు రీముకు 500 ఇస్తున్నారు. రీము మూలం కట్ట అనే అర్థమున్న అరబీ ‘రిజ్మా’.

ఇంగ్లిషు మాటే రాయాలంటే ‘ఫూల్‌స్కాప్’ అనండి. ‘ఫుల్‌స్కేప్’ నోటి వాడుకలో స్థిరపడింది కాబట్టి మాటల్లో తప్పుపట్టక్కర్లేదు. నన్నడిగితే మీ నాన్నగారి మాటే వాడండి. ఠావు, అరఠావు అంటే ఈనాటికీ కొట్లో అర్థమవుతుంది.