ఎంబీబీఎస్ లేకుండా మెదడు పరిశోధనలో చోటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా తీసుకుంది. రెండుసార్లూ నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మా అమ్మకు రెండేళ్లుగా మతిమరుపు. వయసు మీదపడింది కదా అని ఊరుకున్నాం. ఆమెను ఎక్కువగా చూసుకునేది మనవరాలే. ఇప్పుడు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) మీద పరిశోధన చేసే సంస్థలో పనిచేస్తానంటోంది. డాక్టరు కాకుండా అక్కడ ఏం పని ఉంటుంది? ఇంకో ఏడాది కోచింగ్‌కు పంపమంటారా?

జవాబు: పంపకండి. డాక్టరు కావాలన్న పట్టుదల ఆమెకే ఉంటే వేరే మాట. మీ ఉత్తరం చదివితే ఆ కోరిక మీదే అనిపించింది.

మీ ఊరికి దగ్గర్లోనే, సరిహద్దు దాటగానే, కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా ఉంది. మామిడికి పేరున్న చోటు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఆ తాలూకా పల్లెల్లో ఒక పెద్ద అధ్యయనం చేస్తోంది. డిమెన్షియా లేని, 45 ఏళ్లు దాటిన పది వేల మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి గమనించాలన్నది దాని లక్ష్యం. ఎవరి జ్ఞాపకం ఎప్పుడు తగ్గడం మొదలవుతుంది, ఎవరిది చెక్కుచెదరదు, ఎందుకు అన్నది తేల్చాలని వారి ప్రయత్నం. ఆ కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త, డాక్టరేట్ చేసిన మనిషే గాని వైద్యురాలు కాదు.

అలాంటి అధ్యయనంలో చేరిన ఒక రైతును ఊహించుకోండి. మొదట ఆయన అరుగు మీద కూర్చుని, ఇదంతా ఎందుకో చెప్పి ఒప్పించేది క్షేత్ర సిబ్బంది. పొలం పని వదులుకుని రమ్మంటే ఎవరైనా ఊరికే వస్తారా? అక్కడ పట్టా కన్నా మాట నేర్పు ముఖ్యం. వచ్చాక నర్సు రక్తం తీస్తుంది, డాక్టరు పరీక్షిస్తారు, ఇమేజింగ్ టెక్నాలజీ చదివినవారు ఎంఆర్‌ఐ తీస్తారు. రక్తం ప్రయోగశాలకు, జన్యు పరీక్షకు వెళుతుంది. అంకెలన్నీ గణాంక నిపుణుల చేతికి చేరతాయి. ఇంతమందిలో డాక్టర్లు కొద్దిమందే.

ఆయనకు ఎదురుగా అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చునేది మనస్తత్వ శాస్త్రం చదివిన వ్యక్తి. జ్ఞాపకం, ఏకాగ్రత, భాష, లెక్క ఒక్కొక్కటీ పరీక్షిస్తారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరన్నది అందులో ఒకటి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ బడి ముఖం చూడని పెద్దాయన చేతికి పెన్సిలిచ్చి బొమ్మ గీయమంటే గీయలేకపోవచ్చు. అది జబ్బా, అలవాటు లేకపోవడమా? విసుగొచ్చి మానేశారా, నిజంగానే గుర్తు రాలేదా? చెవి సరిగ్గా వినిపిస్తోందా? ఈ తేడా పట్టగలిగేవారి మీదే మిగతా లెక్కంతా నిలబడుతుంది. శ్రీనివాసపురం వైపు ఇళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. మన యాసలో అడిగి, జవాబులో తడబాటును పసిగట్టగల మనిషికి అక్కడ విలువ ఎక్కువ.

ఈ రంగంలో భాషకున్న బలం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే బయటపడింది. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది, చదువు రానివారిలో కూడా. తెలుగు, ఉర్దూ కలగలిసిన ఊరు కాబట్టే ఆ ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది.

అందుకే మీ అమ్మాయికి నా మొదటి సూచన మనస్తత్వ శాస్త్రం. డిగ్రీ, పీజీ, ఆపైన భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ, ఆ మండలిలో నమోదు. ఆ శిక్షణ నిబంధనలు మారుతుంటాయి, చేరే ఏడాది మండలి ప్రకటన చూసుకోండి. సైకాలజీ చదివితే పిచ్చివాళ్లతో పనేగా అనే బంధువులు ఎదురవుతారు. వారి ఫోన్లు మీరే ఎత్తండి, అమ్మాయికి ఇవ్వకండి.

మనుషులతో కన్నా సూక్ష్మదర్శినితో కూర్చోవడం ఇష్టమైతే జీవరసాయన శాస్త్రమో, జన్యుశాస్త్రమో చదివి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరాలి. అందులో మంచి ర్యాంకు వచ్చినవారికి ఇచ్చే పరిశోధక భృతి, జేఆర్‌ఎఫ్, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. మాట తడబడే రోగులతో పనిచేయాలనుంటే బీఏఎస్‌ఎల్‌పీ అనే స్పీచ్ థెరపీ డిగ్రీ ఉంది, దానికి బైపీసీ చాలు. గణాంక శాస్త్రం వైపు వెళ్లాలంటే మాత్రం ఇంటర్‌లో గణితం లేకపోవడం అడ్డు తగులుతుంది.

చేదు మాట కూడా చెప్పాలి. ఇలాంటి చోట్ల చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు నిధుల మీద నడుస్తాయి. నిధి ఉన్నంతవరకే ఒప్పందం. ముప్పై ఏళ్లు వచ్చేదాకా నిలకడైన జీతం ఉండకపోవచ్చు. పెళ్లి, అప్పు, ఇల్లు అని మీరు వేసుకున్న లెక్కలకు ఇది సరిపడుతుందో లేదో ఇప్పుడే కూర్చుని ఆమెతో మాట్లాడుకోండి.

ఇక మీ అమ్మగారి సంగతి. మతిమరుపును వయసు ఖాతాలో వేసి వదిలేయకండి. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్, మానసిక కుంగుబాటు వల్ల కూడా అలా కావచ్చు, వాటికి మందులున్నాయి. న్యూరాలజిస్టుకు చూపించండి, మనవరాలిని వెంట పంపండి. అక్కడ నాయనమ్మను ప్రశ్నలు అడిగేవారు ఎలా అడుగుతున్నారో పక్కన కూర్చుని చూడనివ్వండి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె ఏం మాట్లాడుతుందో విని, కోర్సు ఏదో అప్పుడు నిర్ణయించుకోండి.