సున్నా రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న దీవెనలు.

అమ్రాబాద్ వైపు ఆరోగ్య సబ్‌సెంటర్‌లో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ ఊళ్లలో నిరుడు మలేరియా సున్నా అని రిజిస్టర్ చూసి సంబరపడ్డావట. సంబరం సరే, ఎన్ని స్లైడ్లు, అంటే రక్తపు చుక్క పూసిన గాజుపలకలు, తీస్తే ఆ సున్నా వచ్చిందో చూశావా? ఏడాదికి జనాభాలో పదో వంతు మందికి రక్తపరీక్ష జరగాలన్నది మన శాఖ లెక్క. ఐదు వేల జనాభాకు 500. వానాకాలమంతా ఊరుకుని డిసెంబరులో గబగబా తీసి ఆ 500 పూర్తిచేసి ఉంటే, అలా వచ్చిన సున్నాను నేనైతే నమ్మను.

జ్వరమొచ్చిన మనిషిని ఎన్నాళ్ల నుంచి అని అడిగి వదిలేయకు. ఈ నెలన్నరలో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నాడో అడుగు. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట, కుట్టాక జ్వరం బయటపడడానికి రెండు వారాలు పట్టవచ్చు. మన పాలమూరు జనం బొంబాయి, పూణేలకు వలసపోయి పండగలకు తిరిగొస్తారు. అక్కడ అంటుకున్నది ఇక్కడ బయటపడుతుంది. అందులోనూ వైవాక్స్ రకం మలేరియా అయితే కాలేయంలో నెలల తరబడి దాక్కుని మళ్లీ లేస్తుంది. దసరాకు, ఉగాదికి బస్సు దిగేవాళ్ల ఇళ్లు ఆశా కార్యకర్తకు నీకన్నా ముందే తెలుస్తాయి, ఆమెతో స్నేహంగా ఉండు. అడవిలోని చెంచుల గూడేలకు, అదే పెంటలకు, మిట్టమధ్యాహ్నం వెళ్తే ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు.

ఇక స్లైడు. ఎడమ చేతి ఉంగరపు వేలు పొడువు, మొదటి చుక్క దూదితో తుడిచెయ్యి. స్లైడు మీద మందపు పూత ఒకటి, పలుచటి పూత ఒకటి వెయ్యి. మందపు పూత కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు మసకగా కనబడాలి, అదే సరైన మందం. తొందరగా ఆరాలని ఎండలో పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. వేడికి రక్తం గాజుకు అతుక్కుపోయి రంగు సరిగ్గా పట్టదు, ల్యాబ్ టెక్నీషియన్ తిట్టుకుంటాడు. నీడలో ఆరబెట్టి, ఈగలు వాలకుండా చూడు. అవి పూతను నాకేస్తాయి. పేరు, నంబరు పలుచటి పూత మీదే పెన్సిలుతో రాయి.

స్లైడు ఫలితం ఆలస్యమయ్యే చోట, అక్కడికక్కడే గీతతో ఫలితం చూపే పరీక్ష కిట్టు కూడా వాడు. ఫాల్సిపారం రకం మలేరియా అయితే ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు. మందు వేశాక తగ్గిందో లేదో చూడడానికి మాత్రం కిట్టు పనికిరాదు. ఫాల్సిపారం తగ్గినా కిట్టు కొన్ని వారాలు గీత చూపిస్తూనే ఉంటుంది. అప్పుడు స్లైడే తీయాలి.

వైవాక్స్‌కు ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు. నాలుగో రోజుకు జ్వరం పోతుంది, మనిషి కూలికి వెళ్లిపోతాడు, మాత్రలు గూట్లో ఉండిపోతాయి. ఇంటికి వెళ్లి, మిగిలినవి నువ్వే లెక్కపెట్టు. గర్భిణులకు, పసిపిల్లలకు అది ఇవ్వకూడదని నీకు చెప్పనక్కరలేదు.

మీ పెదనాన్న