కిటికీ దగ్గర ఆగినతని గురించి రాయి

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

ఆశీస్సులు. జర్మనీలో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న మిట్టెన్‌వాల్డ్ ఊరి ప్రయాణం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చేరింది. ఫోనులో చదివితే కళ్ళు లాగుతున్నాయని జిరాక్స్ షాపుకి వెళ్ళి ప్రింట్ తీయించుకున్నాను. తొమ్మిది పేజీలు వచ్చాయి. నిన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున్న కాఫీ తాగాక ఒకసారి చదివాను. "మొహమాటపడకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. నీకు వాక్యం రాయడం వచ్చు, దాని గురించి బెంగ పెట్టుకోకు. చూసినవాటిలో ఏది రాయాలో తేల్చుకోవడం దగ్గరే ఇబ్బంది పడ్డావు.

మొదటి రెండు పేజీల్లో "మేము" అనే మాట 34 సార్లు వచ్చింది. పెన్సిల్‌తో చుట్టి లెక్కపెట్టాను. మేము మ్యూనిక్‌లో ట్రైన్ ఎక్కాం, మేము కేబుల్ కారెక్కాం, మేము ఎంజాయ్ చేశాం. మన భాషలో మనం వేరు, మేము వేరు. మేము అన్నావంటే చదివేవాడిని గుమ్మం బయట నిలబెట్టినట్టే. అతను మీతో రాలేదు కాబట్టి దానికేం తప్పులేదు. కానీ ఆ మాటలో మీ ఐదుగురు కూడా కలిసిపోయి ఒక్క మొహం కూడా కనబడకుండా పోయింది. కేబుల్ కారులో కళ్ళు మూసుకున్నదెవరు? తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకొచ్చిందెవరు? పులిహోర ఉందని ఒకచోట రాశావు, కలిపిన మనిషిని మాత్రం వదిలేశావు. పేర్లు అక్కర్లేదు. వరంగల్ అమ్మాయి అను, కాకినాడ అబ్బాయి అను, చాలు.

ఇక "స్వర్గంలా ఉంది", "మాటల్లో చెప్పలేం", "పచ్చని తివాచీ పరిచినట్టు". వీటిని కొట్టేశాను, నొచ్చుకోకు. ఇలాంటి మాటలు ఊటీకీ సరిపోతాయి, కాశ్మీరుకీ సరిపోతాయి. మాటల్లో చెప్పలేం అని మనమే అనేస్తే ఇక చదివేవాడికి దిక్కెవరు?

కార్వెండెల్ కేబుల్ కారు పైస్టేషను 2244 మీటర్ల ఎత్తులో ఉందని రాశావు. నిజమే. అయితే ఆ అంకె ఒక్కటీ ఎవరికీ తగలదు. ఊళ్ళోంచి సుమారు 1300 మీటర్లు పది నిమిషాల్లో పైకి లాగేస్తుంది కదా, అప్పుడు నీ చెవులు ఎలా దిబ్బడవేశాయి? కింద జూన్ ఎండ, పైన రాళ్ళ సందుల్లో ఇంకా మిగిలిన మంచు. స్వెట్టర్ తెచ్చుకోనిది ఎవరు, ఎవరి కోటు ఎవరు కప్పుకున్నారు? అది రాస్తే ఆ 2244 అన్న అంకె నాక్కూడా చలి పుట్టిస్తుంది.

నాలుగో పేజీలో పూల కిరీటాలు పెట్టుకున్న ఆవులు గంటలు మోగిస్తూ కొండ దిగుతున్నాయని రాశావు. అమ్మా, మీరు వెళ్ళింది జూన్ మొదటివారంలో. అప్పటికి ఆవులు మేతకి పైకి వెళ్ళే కాలం. అవి అలంకారంతో కిందికి దిగేది సెప్టెంబరు ప్రాంతంలో. ఎక్కడో ఫొటో చూసి, బాగుందని కలిపేసి ఉంటావు. ఇది మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. చూడనిదాన్ని చూశానని ఒక్కచోట రాసినా మిగతా ఎనిమిది పేజీల్నీ చదివేవాడు అనుమానంగానే చూస్తాడు. ఆవుల సంగతి రాయాలనిపిస్తే విన్నదిగా రాయి. ఆల్ప్స్ ఊళ్ళల్లో ఒక ఆచారం ఉంది. వేసవంతా కొండమీద గడిపిన మందకి ఏ ప్రమాదం జరక్కుండా, ఒక్క పశువు కూడా పోకుండా ఉంటేనే కిరీటాలు కడతారు. నష్టం జరిగిన ఏడు మంద ఏ ఆర్భాటమూ లేకుండా ఇంటికి వస్తుంది. ఫొటోల్లో కిరీటాల ఆవులే కనిపిస్తాయి. కిరీటం లేకుండా దిగిన మందకి ఫొటో ఎవరు తీస్తారు!

ఆరో పేజీకి వద్దాం. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. నీ వాక్యం ఇది: "మాలో ఒకతను వయొలిన్ షాపు కిటికీ దగ్గర అరగంట నిలబడిపోవడంతో మాకు ట్రైన్ మిస్సయింది, అనవసరంగా టైమ్ వేస్ట్ అయింది." దాని వెనకే ఐస్‌క్రీమ్ గురించి ఒక పేరా.

నువ్వు విసుక్కుంటూ రాసిన ఆ ఒక్క వాక్యంలోనే మీ రోజంతా ఉందనిపించింది నాకు. ఐదుగురికీ కలిపి ఒకే బవేరియా రైలు టికెట్ కొన్నామని మొదటి పేజీలో రాశావు. అంటే ఒకడు ఆగితే నలుగురూ ఆగాలి, అతన్ని వదిలేసి వెళ్ళే వీల్లేదు. నలుగురు ఫోన్లలో టైమ్ చూసుకుంటూ, ఒకడు గాజుకి ముక్కు ఆనించి. ఇదంతా చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పెట్టుకుని, దాన్ని పక్కకి నెట్టి కొండల వర్ణనకి వెళ్ళిపోయావు.

అతను ఎందుకు ఆగాడు? అడిగావా? చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని, ఇంటర్‌లో చేరగానే ఎంసెట్ కోచింగ్ టెన్షన్‌లో మానేసినవాళ్ళు మన వీధివీధికీ ఉన్నారు. అతను వాళ్ళలో ఒకడేమో. కాకపోవచ్చు కూడా. నేను ఊహించి చెప్పేదానికి విలువ లేదు, నువ్వు అడిగి తెలుసుకోవాలి.

నేను ఆ ఊరు ఒక్కసారే వెళ్ళాను, మా అబ్బాయి మ్యూనిక్‌లో చదువుతున్నప్పుడు. అలాంటి కిటికీయే ఒకటి నన్నూ ఆపింది. లోపల ఒక నడివయసు ఆవిడ వయొలిన్ పైపలకని రెండు వేళ్ళతో అంచు దగ్గర పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకో చేతి వేలి కణుపుతో దాన్ని తట్టింది. విన్నది. బల్లమీద పెట్టి, బొటనవేలంత ఇత్తడి చిత్రికతో లోపలివైపు రెండు మూడు గీతలు గీసింది. చెక్కపొట్టు కాగితంకన్నా పల్చగా చుట్టలు చుట్టుకుని పడింది. ఊదేసి మళ్ళీ తట్టింది. నేను నిలబడ్డంతసేపూ అదే పని. తల ఎత్తలేదు, తొందరపడలేదు. మన బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చేసే ఆయన పనస చెక్కని తొలుస్తూ మధ్యమధ్యలో తట్టి వినడం అంతకుముందు నేను చూసి ఉన్నాను. అందుకే నా కాళ్ళు అక్కడ ఆగాయి.

ఆ పలక స్ప్రూస్ చెక్క. చలి ఎక్కువగా ఉండే ఎత్తుల్లో ఆ చెట్టు నిదానంగా ఎదుగుతుంది, అందుకని దాని వలయాలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. చెక్క తేలిగ్గా ఉంటూనే గట్టిగా ఉంటుంది. కోశాక ఏళ్ళ తరబడి ఆరబెడతారు. వెనకపలక మేపుల్. అతికించడానికి పశువుల తోలునుంచి తీసిన జిగురు వాడతారు. ఎందుకంటే వేడీ తడీ తగిలిస్తే అది వదులుతుంది, వందేళ్ళ తరవాత ఎవరైనా రిపేరు చెయ్యాలన్నా చెక్క విరక్కుండా విప్పుకోవచ్చు. ఇక లోపల, తీగల్ని మోసే బ్రిడ్జి కాలికి కాస్త వెనగ్గా, పైపలకకీ వెనకపలకకీ మధ్య ఒక చిన్న పుల్ల నిలబడి ఉంటుంది. దానికి జిగురు ఉండదు, ఒత్తిడి మీదే నిలుస్తుంది. వంకర తిరిగిన పనిముట్టుతో ఎఫ్ ఆకారపు కంతలోంచి దాన్ని లోపలికి పంపి నిలబెడతారు. కొద్దిగా జరిగినా నాదం మారిపోతుంది. ఇటలీవాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ దాన్ని "ఆత్మ" అనే మాటతోనే పిలుస్తారు. ఇలాంటి మాట దొరగ్గానే దాన్ని మనిషి జీవితంతో పోల్చాలని చెయ్యి దురద పెడుతుంది. పోల్చకు. ఆ పుల్ల సంగతి చెప్పి ఊరుకో.

మ్యూజియం గురించి "అక్కడ చాలా పాత వయొలిన్లు ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ ఊళ్ళో వయొలిన్లు ఎందుకున్నాయన్నది ఒక కథ. 1487లో వెనిస్ వర్తకులకి టిరోల్ ప్రభువుతో గొడవొచ్చి, ఇప్పుడు ఇటలీలో ఉన్న బోల్జానోలో జరగాల్సిన పెద్ద సంతని కొండ దాటించి ఈ ఊరికి తీసుకొచ్చారు. దాదాపు 200 ఏళ్ళు సరుకంతా ఈ ఊరిమీదుగానే వెళ్ళింది. బళ్ళవాళ్ళు, గిడ్డంగులవాళ్ళు, ఇసార్ నదిలో తెప్పలు నడిపేవాళ్ళు, అందరికీ పనే. 1679లో సంత మళ్ళీ బోల్జానోకి వెళ్ళిపోయింది. ఊరికి కూడు పోయింది. ఆ రోజుల్లోనే, ఇటలీలో పాదువాలో పనిచేసిన మాథియాస్ క్లోట్జ్ అనే దర్జీ కొడుకు తిరిగొచ్చి వయొలిన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. కొడుకులకి నేర్పాడు, ఇరుగుపొరుగు నేర్చుకున్నారు. తరవాతి తరాల్లో వర్తకులు పుట్టుకొచ్చి పనిని ఇళ్ళకి పంచారు. ఒక ఇంట్లో మెడ, ఇంకో ఇంట్లో పెట్టె, చేసినవాళ్ళకి దక్కింది మాత్రం కొంచెమే. 1858లో వయొలిన్ తయారీ నేర్పడానికి బడి పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. చర్చి ముందు మీరు గ్రూప్ ఫొటో దిగిన ఆ కంచు విగ్రహం క్లోట్జ్‌దే. చేతిలో వయొలిన్ పట్టుకుని ఉంటాడు, ఫొటో తీసి మళ్ళీ చూసుకో.

ఇదంతా వ్యాసంలో కుక్కమని కాదు. నీకు తెలిసుంటే ఒక మాట రాసేదానివి కాదు, అదే నా బాధ. "బొమ్మల ఊరు" అన్నావు. ఆ బొమ్మల గోడల వెనక వందల సంవత్సరాలపాటు మనుషులు తిండికోసం చెక్క గీశారు. గోడ మీద బొమ్మలు కూడా అంత తేలిక పనేం కాదు. సున్నం తడిగా ఉండగానే రంగు వెయ్యాలి, ఆరిందంటే రంగు పట్టదు. కొన్నిళ్ళకి అసలు లేని స్తంభాల్నీ, కిటికీ చట్రాల్నీ రంగుతోనే ఉన్నట్టు వేశారు. నువ్వు మెచ్చుకున్న ఆ "చెక్కిన రాతి కిటికీ" కూడా రంగే అయ్యుండొచ్చు. మళ్ళీ వెళ్ళినప్పుడు దగ్గరికెళ్ళి చూడు.

ఈ మాటలు అనుభవంతోనే చెబుతున్నాను. 1983లో అరకు వెళ్ళొచ్చి ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. లోయలు, మబ్బులు, జలపాతాలు, అన్నీ పెట్టాను. ఒక చిన్న స్టేషన్లో బండి చాలాసేపు ఆగిపోతే, చేతిలో లాంతరుతో సొరంగంలోంచి నడిచొచ్చిన గ్యాంగ్‌మన్ నా పక్కన కూర్చున్నాడు. తన ఫ్లాస్కులో టీ సగం నాకు పోశాడు. వర్షాకాలంలో రాళ్ళు ఎక్కడ జారతాయో చీకట్లో చప్పుడుబట్టి ఎలా తెలుసుకుంటారో చెప్పాడు. అది వ్యాసానికి పనికిరాదనుకున్నాను. ఆ పత్రిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో అరకు లేదు. ఆయన పేరు కూడా అడగలేదు నేను, ఇన్నేళ్ళయినా అది లోపల గుచ్చుతూనే ఉంది.

ఇంకో చిన్న సంగతి. 1786లో జర్మన్ కవి గోథే ఇటలీ వెళుతూ ఆ ఊళ్ళో ఒక రాత్రి ఉన్నాడని రాశావు, నిజమే. కానీ అంత పెద్దాయన వచ్చాడు కాబట్టి ఊరు గొప్పదని ధ్వనించేలా పెట్టావు. తీసెయ్. బదులుగా ఇసార్‌ని పెట్టు. రోజూ సాయంత్రం మ్యూనిక్‌లో మీరు కాళ్ళు ముంచి కూర్చునే ఇసార్, ఈ ఊరి పక్కనుంచే వెళుతుంది. సున్నపురాళ్ళ మీదుగా పారే నీళ్ళు, ఆ పాలు కలిపిన పచ్చరంగు నువ్వు రెండు చోట్లా చూసి ఉంటావు. ఒకప్పుడు ఆ ఊరి దుంగలూ సరుకూ తెప్పల మీద ఆ నీళ్ళలోనే మ్యూనిక్ చేరేవి. మీరు ట్రైన్‌లో దాదాపు రెండు గంటలు వెళ్ళారు కదా, వాళ్ళు నీటిదారిన తిరిగింది కూడా ఆ రెండు ఊళ్ళ మధ్యే. ఈ ముక్క నీ వ్యాసంలో తప్ప వేరేవాళ్ళ వ్యాసంలో అంత సహజంగా కుదరదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. ఆ తొమ్మిది పేజీల్ని పక్కన పెట్టు, చింపొద్దు. ఈ వారంలో ఆ అబ్బాయిని ఎక్కడైనా కూర్చోబెట్టి అడుగు. కిటికీలోంచి ఏం కనిపించింది, లోపలున్న మనిషి ఏ పనిలో ఉన్నాడు, చేతిలో ఏముంది, మీరు వెనకనుంచి పిలుస్తుంటే వినబడిందా లేదా. రికార్డింగ్ పెట్టకు, మనిషి బిగుసుకుపోతాడు. ఇంటికొచ్చాక గుర్తున్నంత రాసుకో. మిగతా ముగ్గురినీ విడివిడిగా అడుగు, ఆ అరగంట వాళ్ళకెలా గడిచిందో. ఒకరికి కోపం వచ్చి ఉంటుంది, ఒకరు తిన్నగా అతని పక్కకెళ్ళి నిలబడి ఉండొచ్చు. ఆ తరవాత బండి కోసం స్టేషన్లో బెంచీమీద కూర్చున్నప్పుడు మిగిలిన పులిహోర ఎవరు తిన్నారో కూడా కనుక్కో. నువ్వా అరగంట ఏం చేశావో, ఏమనుకున్నావో దాచకుండా రాసెయ్. విసుగొచ్చిందనే రాయి.

నాలుగు పేజీలు దాటనివ్వకు. ఈసారి ఫాంటు కాస్త పెద్దది పెట్టి పంపు.

ఆ అబ్బాయిని నేను అడిగానని చెప్పు. సెలవుల్లో వస్తే ఇక్కడ సంగీత కళాశాలకి తీసుకెళతాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ పాఠం చెప్పిన చోటు అది. సాయంత్రాలు పిల్లలు కింద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించుకుని సరళీస్వరాలు సాధన చేస్తుంటారు. నువ్వూ రా.

ఇట్లు,
మీ మాస్టారు