లాప్‌ల్యాండ్ మంచుకు వెళ్లేముందు: శిరీషకు పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. శిరీషకు పెద్దమ్మ దీవించి రాయునది.

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నీ మీ అత్తగారినీ తీసుకుని ఫిన్లాండ్ లాప్‌ల్యాండ్ వెళ్తామని, పది రోజుల్లో హెల్సింకీ, రొవనియెమి, ట్రోమ్సో, స్టాక్‌హోమ్ చుట్టేస్తామని రాశావు. ముందు రెండు మార్చు: ఒకటి నెల, రెండోది ఊళ్ల లెక్క.

లాప్‌ల్యాండ్ ఉత్తరాన ఉన్న ఇవలో, ఇనారి వైపు డిసెంబరు మొదట్లో మునిగిన సూర్యుడు జనవరి 10 ప్రాంతానికి గానీ మళ్లీ కనిపించడు. మన సంక్రాంతికి అప్పుడే వచ్చి ఉంటాడు కానీ ఉండేది కాసేపే. పైగా మైనస్ 25, 30 అప్పుడు మామూలు మాట. ఏడేళ్ల పిల్లతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో ఆ చలికి ఎందుకు? పిల్లల పరీక్షలు అయిపోగానే మార్చి చివరి వారంలో వెళ్లండి. పగలు 12 గంటలు దాటుతుంది, ఎండలో సున్నా నుంచి మైనస్ 5, రాత్రి మైనస్ 10, 15. మంచు అప్పటికీ మోకాలు దాటే ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే గాలికీ భూమి అయస్కాంత క్షేత్రానికీ పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో పొత్తు బాగా కుదురుతుంది, అందుకని అరోరాకు, అంటే రాత్రి ఆకాశంలో ఆడే ఆ రంగుల వెలుగులకు కూడా మార్చి మంచి నెల. ఏప్రిల్ సగం దాటితే రాత్రి సరిగా చీకటి పడదు. వేసవి సెలవుల దాకా ఆగడం అసలే కుదరదన్నమాట. ఈస్టర్ వారం మాత్రం తప్పించు, ఫిన్లాండ్ వాళ్లే స్కీలు పట్టుకుని దిగుతారు, గదులు దొరకవు.

ఇక ఊళ్లు. అరోరా కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం మబ్బు. ఇవలో దగ్గరి సారిసెల్కాలోనో ఇనారిలోనో ఐదు రాత్రులు కదలకుండా ఉంటే ఒకటి రెండు రాత్రులైనా ఆకాశం విప్పుకోవచ్చు. రోజుకో ఊరు తిరిగితే ఆ రాత్రే రైల్లో కూర్చుని ఉంటారు. కాబట్టి ట్రోమ్సో, స్టాక్‌హోమ్ కొట్టెయ్. హెల్సింకీ నుంచి రొవనియెమికి రాత్రి రైలు దాదాపు 12 గంటలు, ఇద్దరేసి పడుకునే క్యాబిన్లు ఉంటాయి, పిల్లలకు అదే సగం సరదా. రొవనియెమిలో శాంటా గ్రామం ఊరికి 8 కిలోమీటర్లు, లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, శాంటాతో తీసే ఫోటోకే డబ్బు. దానికి ఒక్క రోజు చాలు. అక్కడి నుంచి బస్సులో సారిసెల్కా నాలుగు గంటల లోపే. తిరుగు ప్రయాణం ఇవలో నుంచి విమానంలో పెట్టుకుని, హెల్సింకీలో ఒక రాత్రి ఆగండి. మంచు తుఫానుకు ఇవలో విమానం ఆగినా హైదరాబాద్ విమానం పోదు. గాజు ఇగ్లూ (గాజు కప్పున్న గది) కావాలంటే ఒక్క రాత్రి తీసుకో. మబ్బు పడితే గాజులోంచీ మబ్బే కనిపిస్తుంది, డబ్బు వెనక్కివ్వరు.

వీసా షెంగెన్‌ది, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది. ఎక్కువ రాత్రులు ఫిన్లాండ్‌లోనే కనుక ఫిన్లాండ్‌కే దరఖాస్తు చెయ్యి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల ముందు ఆఖరు, కానీ స్లాట్లు నిండిపోతాయి కనుక డిసెంబరులోనే కూర్చో. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. పాస్‌పోర్టు తిరిగొచ్చాక మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. బీమా కనీసం 30,000 యూరోలకు. అందులో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి), స్కీయింగ్ కలిశాయో లేదో చదివి చూడు, చౌక పాలసీల్లో అవే ఉండవు. అత్తగారికి ముందునుంచీ ఉన్న జబ్బుల సంగతీ అడుగు.

బట్టల దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకే లావుపాటి కోటు కొనడం. మూడు పొరలు కావాలి: ఒంటికి అంటుకునే మెరీనో ఉన్ని లేదా సింథటిక్ థర్మల్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, పైన గాలి చొరని జాకెట్. నూలు బనియన్, నూలు సాక్సు, జీన్స్ వద్దేవద్దు. నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, నడక ఆపిన ఐదు నిమిషాల్లో ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి. సాక్సు మీద సాక్సు బిగించి తొడిగితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, బూటులో వేళ్లు ఆడాలి. చేతులకు లోపల పల్చని గ్లవ్స్, పైన నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మిట్టెన్లు. అక్కడ హస్కీ కుక్కల బండి, స్నోమొబైల్ సవారీల వాళ్లు పై ఓవరాల్, బూట్లు వాళ్లే ఇస్తారు కనుక ఖరీదైన జాకెట్లు ఐదు కొనకండి. థర్మల్స్ ఒక్కొక్కరికి రెండేసి జతలు తీసుకుని, ఒక జత చేతి సంచీలో పెట్టు, సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా గడుస్తుంది.

అత్తగారి ముక్కుపుడక, పెద్ద చెవికమ్మలు తీసి లోపలే పెట్టమను. లోహం చర్మాన్ని చల్లబరుస్తుంది. ముక్కు, బుగ్గ మీద తెల్లటి మచ్చ కనిపిస్తే అది మంచుకాటు మొదలు. మంచుతో రుద్దకూడదు, వెచ్చటి అరచేయి ఆనించి లోపలికి తీసుకెళ్లాలి. హస్కీ బండిలో కూర్చున్న పిల్ల కదలదు కనుక నడిచేవాళ్ల కన్నా ముందు గడ్డకడుతుంది. దాని ముఖం ప్రతి పది నిమిషాలకు చూడు. రోడ్డు మీద కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచే అసలు ప్రమాదం. బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి, అత్తగారికి మొదటి రోజే కొను. కారు అద్దెకు తీసుకుంటానని అల్లుడుగారు అంటే వద్దను. రెయిన్‌డీర్ రోడ్డు మీదే నిలబడతాయి, మంచు మీద బ్రేకు వేసినా బండి వెంటనే ఆగదు. గడ్డకట్టిన సరస్సు మీదికి స్థానికులు గుర్తులు పెట్టిన దారినే వెళ్లండి, వాగు కలిసే చోట మంచు పల్చగా ఉంటుంది. ఆపదలో 112.

అరోరా కోసం ఫోన్లో కేపీ సంఖ్య (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతో చెప్పే అంకె) తక్కువగా చూసి బెంగపడకండి. ఇనారి అంత ఉత్తరాన ఒకటి, రెండు ఉన్నా చాలు. చూడాల్సింది మబ్బుల అంచనా. వీధి దీపాలకు దూరంగా, ఉత్తరం తెరుచుకున్న చోట, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా పావుగంట నిలబడాలి. మొదట బూడిదరంగు మబ్బు తెరలా ఉంటుంది. ఫోన్ నైట్ మోడ్‌లో ఫోటో తీసి చూస్తే ఆకుపచ్చ తేలుతుంది. కెమెరా అయితే ట్రైపాడ్, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600, ఐదారు సెకన్లు, ఫోకస్ చేత్తో ఒక చుక్క మీద. బ్యాటరీలు చలికి ఇట్టే దిగిపోతాయి, రెండోది లోజేబులో ఒంటికి ఆనేట్టు పెట్టాలి. లోపలికి వచ్చేముందు కెమెరాను బయటే జిప్ సంచీలో మూసెయ్. నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సు లోపలే చెమరుస్తుంది.

తిండి సంగతి మీవాళ్లకు ముఖ్యం కదా. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సంచీలో తేకూడదు. అంటే కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలెయ్. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, ఉప్మా మిక్స్, అటుకులు ఫరవాలేదు. ఆవకాయ చేతి సంచీలో అయితే ద్రవం కింద లెక్కేసి తీయించేస్తారు, రెండు కవర్లలో బిగించి సూట్‌కేసులో వెయ్యి. వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి, కానీ తిరగమోత జాగ్రత్త. ఎండుమిర్చి మాడిన పొగకు సీలింగ్ మీద ఉన్న యంత్రం కూత పెడుతుంది. ముందే పొగగొట్టం ఫ్యాన్ వేసి, గింజలు చిటపటమనగానే మూత పెట్టు. కాటేజీలో సౌనా (ఆవిరి స్నానపు గది) ఉంటుంది, దాని రాళ్ల పొయ్యి మీద తడి సాక్సు ఆరేస్తే నిప్పంటుకుంటుంది, కొక్కేలకు వేలాడదియ్యి.

ఇనారిలో అక్కడి ఆదివాసులైన సామీల మ్యూజియం సీడా తప్పక చూపించు, పిల్లలకు రెయిన్‌డీర్ మేపేవాళ్ల సంగతి తెలుస్తుంది. ఆ కాపరిని మాత్రం ‘మీకెన్ని రెయిన్‌డీర్లు’ అని అడగొద్దని చెప్పు. మనలో ‘బ్యాంకులో ఎంతుంది’ అని అడగడంతో సమానం అక్కడ.

టికెట్లన్నీ ఒకే బుకింగ్ మీద ఉండేట్టు చూసుకో. షెంగెన్ దేశాల్లో దిగే మొదటి ఊళ్లోనే ఇమిగ్రేషన్ కనుక అక్కడ మూడు గంటలైనా వ్యవధి ఉండాలి. కొనేముందు ఆ సమయాలు నాకు ఒకసారి పంపు, అత్తగారి మందుల పేర్లు కూడా. డాక్టరు చీటీ ఇంగ్లీషులో టైపు చేయించి పెట్టుకోవాలి.

దీవెనలతో,
పెద్దమ్మ