కమిషన్ పిలిపించగలదు, కంచె తీయించలేదు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. మా క్రైస్తవుల సమాధుల తోటకు ఒక చేను అంచున దారి ఉంది. చేను పెద్దాయన దయగల మనిషి, పొమ్మన్నాడు కాబట్టి పోతూ వచ్చాం. మధ్యలో కాలువ మీద కల్వర్టు కూడా సంఘం డబ్బుతోనే కట్టించాం. ఆయన పోయాక కొడుకులు దారికి అడ్డంగా కంచె వేశారు. మా అమ్మ శవాన్ని బురద గట్ల మీద మోసుకుపోవాల్సి వచ్చింది. మైనారిటీ కమిషన్‌కు రాసి ఎనిమిది నెలలైంది. ఒక మెంబరు జిల్లాకు వచ్చినప్పుడు అందరి ముందూ ఎస్సైతో "కంచె తీయించండి" అన్నారు. ఎస్సై తీయించలేదు. కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి కదా, ఎస్సై మీద ధిక్కారం కేసు వేయొచ్చా? మెంబరు మనిషినంటూ ఒకాయన నలభై వేలు అడిగితే పది వేలు ఇచ్చాం. మా మతాన్ని తిట్టారని అఫిడవిట్‌లో రాస్తే పని తొందరగా అవుతుందంటున్నాడు. అమెరికాలో ఉన్న మా బావేమో అక్కడి మత స్వేచ్ఛ కమిషన్‌కు రాయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసును తేల్చే వాక్యం మీ ఉత్తరంలోనే ఉంది. "పెద్దాయన పొమ్మన్నాడు కాబట్టి పోతూ వచ్చాం." కమిషన్‌కు పంపిన అర్జీ నకలు కూడా జత చేశారు. అందులోనూ ఇదే మాట రాసి కింద సంతకం పెట్టారు. కంచె ఏ రోజు వేశారో మాత్రం రెండింటిలోనూ లేదు. ఏ కమిషన్‌కు రాశారో, ఢిల్లీదో రాష్ట్రానిదో, అదీ లేదు. పది వేలు ఎప్పుడిచ్చారో కూడా లేదు. బాధంతా రాశారు, తేదీలు వదిలేశారు. కోర్టులో మీకు పనికొచ్చేవి ఆ తేదీలే.

ముందు కమిషన్ సంగతి చెబుతాను. "సివిల్ కోర్టు అధికారాలు" అన్న మాటను నమ్ముకుని విలువైన నెలలు పోగొట్టుకున్నవాళ్లు మీరొక్కరే కాదు. జాతీయ మైనారిటీ కమిషన్ 1992 చట్టంతో ఏర్పడింది. ఆ చట్టం 9వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లో ఆ అధికారాలేమిటో వరసగా రాసి ఉన్నాయి. దేశంలో ఎవరినైనా సమన్లతో పిలిపించి ప్రమాణం చేయించి విచారించడం, కాగితాలు దాఖలు చేయమనడం, అఫిడవిట్ మీద సాక్ష్యం తీసుకోవడం, ఏ ఆఫీసు నుంచైనా పబ్లిక్ రికార్డు తెప్పించుకోవడం, సాక్షుల విచారణకు వేరేవారిని నియమించడం. ఇవన్నీ నిజం తెలుసుకోవడానికి ఇచ్చినవి. స్టే ఇవ్వడం, కంచె పీకించడం, మాట వినని అధికారిని ధిక్కారం కింద శిక్షించడం వాటిలో లేవు. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘం కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. అప్పటి జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు ఉన్న సివిల్ కోర్టు అధికారాలు విచారణ వరకే, ఇంజంక్షన్ (ఫలానా పని చేయాలి లేదా చేయొద్దు అనే ఉత్తర్వు) ఇచ్చే అధికారం దానికి లేదు అంది. రాజ్యాంగంలోనే చోటున్న కమిషన్‌కు లేని అధికారం, మామూలు చట్టంతో పుట్టిన కమిషన్‌కు ఎక్కణ్ణుంచి వస్తుంది? మన రాష్ట్ర కమిషన్ 1998 నాటి రాష్ట్ర చట్టం కింద ఏర్పడింది. దాని పనీ ఫిర్యాదు విని, విచారించి, ప్రభుత్వానికి సిఫారసు చేయడమే.

ఇక మెంబరు ఎస్సైతో అన్న మాట. అది కమిషన్ ఉత్తర్వు కాదు. ఫైలు నంబరు లేదు, నోటీసు లేదు, అవతలివాళ్లను విన్నది లేదు. పర్యటనలో మెంబరు నోటిమాటగా చెప్పింది చేయలేదని ఎస్సై మీద ఏ కేసూ నిలవదు. అసలు ఎస్సై ఆ మాట విని కంచె పీకించి ఉంటే, అవతలివాళ్లు హైకోర్టులో రిట్ వేసి మళ్లీ కట్టించుకునేవాళ్లు. సివిల్ కోర్టు చెప్పకుండా దారి తగాదా తేల్చే పని పోలీసులది కాదు.

ఇప్పుడు ఆ పది వేలు. దీని గురించి గట్టిగానే చెబుతాను. 1992 చట్టం ప్రకారం కమిషన్ మెంబర్లు, సిబ్బంది పబ్లిక్ సర్వెంట్లు. పదవిని దుర్వినియోగం చేసిన మెంబరును తొలగించే అధికారం 4వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. పబ్లిక్ సర్వెంటు చేత పని చేయిస్తానని డబ్బు తీసుకున్న మధ్యవర్తికి అవినీతి నిరోధక చట్టం 7ఏ సెక్షన్ కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడూ 8వ సెక్షన్ కింద నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మాత్రం ఒక మినహాయింపు ఉంది, దానికి ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసి ఉండాలి. ఆ ఏడు రోజులు దాటాయో లేదో మీ ఉత్తరం చూస్తే తెలియడం లేదు. దాటకపోతే రేపు పొద్దునే ఒక క్రిమినల్ లాయరును వెంటబెట్టుకుని తిరుపతిలోని ఏసీబీ ఆఫీసుకు వెళ్లండి. దాటినా లాయరును కలవండి, కానీ మిగతా ముప్పై వేలు ఇవ్వొద్దు. ఫోన్‌లో మెసేజీలు చెరపొద్దు. ఆ మనిషికి మెంబరుతో సంబంధం ఉందో, పేరు వాడుకుని తిరుగుతున్నాడో మీకూ నాకూ తెలియదు. కాబట్టి మెంబరు లంచం అడిగారని ఎక్కడా రాయకండి. ఎవరు అడిగారో, ఏమన్నారో అంతవరకే రాయండి.

అంతకంటే ప్రమాదకరమైనది అతను చెప్పిన రెండో పని. మతాన్ని తిట్టారని మీరు అర్జీలో రాయలేదు, ఈ ఉత్తరంలోనూ జరిగిందని చెప్పలేదు. జరగనిది ప్రమాణపత్రంలో రాస్తే రేపు సివిల్ కోర్టులో అవతలి లాయరు మిమ్మల్ని మొదట అడిగేది దాని గురించే. ఆ ఒక్క అబద్ధం బయటపడితే మీ నిజాలన్నీ జడ్జికి అనుమానంగా కనిపిస్తాయి. కోర్టు సంగతి పక్కన పెట్టినా, ఒక దారి తగాదాను మీ చేతులతో మీరే మత తగాదాగా మార్చినట్టవుతుంది. కంచె తీశాక కూడా మీరు ఆ చేను పక్కనుంచే నడవాలి. దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

మీ బావ చెప్పిన కమిషన్ 1998లో అమెరికా చేసిన చట్టంతో పుట్టింది. 9 మంది కమిషనర్లు, ఏటా ఒక నివేదిక, తమ ప్రభుత్వానికి సిఫారసులు. 2020 నివేదికలో మన దేశాన్ని ప్రత్యేక ఆందోళన కలిగించే దేశాల జాబితాలో పెట్టమని సిఫారసు చేస్తే వాళ్ల విదేశాంగ శాఖే ఒప్పుకోలేదు. అలాంటి కమిషన్ మీ తహశీల్దారుకు ఏమీ చెప్పలేదు. దాని మీద ఒక్క రోజు కూడా పెట్టకండి.

అసలు కేసుకొద్దాం. కంచె కింద ఉన్న నేల ఎవరిది? రికార్డులో రస్తా పోరంబోకు (దారికని వదిలిన ప్రభుత్వ భూమి) అని ఉంటే పెద్దాయన అనుమతి ప్రశ్నే రాదు, అది ఆయన ఇవ్వాల్సిన దారి కాదు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద నోటీసు ఇచ్చి ఖాళీ చేయించాల్సింది తహశీల్దారే. ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ పటం నకళ్లకు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పటం, రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం పటం రెండూ తీసుకోండి. పాతదాంట్లో ఉన్న దారి కొత్తదాంట్లో కనిపించకపోతే అదే పెద్ద సాక్ష్యం.

పట్టా నేల అయితే కష్టం ఎక్కువ. ఇతరుల నేల మీద దారి లాంటి హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. అనుమతి మీద నడిచింది హక్కుగా నడిచినట్టు కాదు. అందుకే ఆ వాక్యం మీ మెడకు చుట్టుకుంటుంది. దాన్ని దాచమని నేను చెప్పను. పెద్దాయన చేతికి చేను రాకముందు కూడా మీవాళ్లు అదే దారిన నడిచారా అన్నది వెతకండి. చిత్తూరు చుట్టుపక్కల మిషన్ కాలం నాటి సమాధుల తోటలు ఉన్నాయి. మీ తోటలో పాత రాళ్ల మీద చెక్కిన సంవత్సరాలను ఫోటోలు తీయండి. సంఘం ఖనన రిజిస్టరు, పెద్దాయన చేను కొన్న దస్తావేజు, ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఎవరు ముందో తెలుస్తుంది. నిజంగానే ఆయన అనుమతితోనే మొదలైందని తేలితే, అప్పుడు కల్వర్టు పట్టుకోవాలి. అనుమతిని నమ్మి ఖర్చు పెట్టి శాశ్వతమైన పని చేసినవాళ్ల అనుమతిని రద్దు చేయడానికి వీల్లేదని అదే చట్టం 60వ సెక్షన్ అంటుంది. సిమెంటు, కూలీ రసీదులు, సంఘం తీర్మానం ఉన్నాయా? కల్వర్టు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ చేతిలో ఉన్న మంచి కాగితం అదే కావొచ్చు.

గడువు సంగతి వినండి. ఆ 20 ఏళ్లు దావా వేసే రోజుకు ముందు రెండేళ్లలోపు ముగిసి ఉండాలి. అంటే కంచె పడిన రోజు నుంచి లెక్క నడుస్తోంది. కమిషన్ దగ్గర గడిచిన నెలలు దాంట్లోంచి పోతాయని ఆశ పెట్టుకోకండి. ఇంకొకటి, అడ్డు తెలిశాక ఏడాది పాటు నోరు మెదపకుండా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క. మీరు ఊరుకోలేదని చూపడానికి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీల రసీదులన్నీ వెతికి పెట్టండి. జాతీయ కమిషన్ కూడా ఏడాది దాటిన సంఘటనలను, కోర్టులో ఉన్న వివాదాలను మామూలుగా తీసుకోదు.

కాబట్టి కమిషన్‌ను దానికి చేతనైన పనికే వాడుకోండి. ఒక పేజీ అదనపు అర్జీ పంపండి. తహశీల్దారును సర్వే రికార్డుతో సహా పిలిపించి, దారి పోరంబోకో పట్టానో లిఖితపూర్వకంగా చెప్పించమని అడగండి, అంతే. అదే సమాచారానికి సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఏది ముందొస్తే అది తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. రెండూ రాకపోయినా రెండేళ్ల గడువు దగ్గరపడేదాకా ఆగకండి.

దావా చిత్తూరు సివిల్ కోర్టులో. దారి హక్కు ప్రకటన, కంచె తీయించే మాండేటరీ ఇంజంక్షన్, ఈలోగా ఖననాలకు అడ్డు రాకుండా మధ్యంతర ఉత్తర్వు అడగాలి. దాంతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను (చోటు చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు నియమించే లాయరు) వేయించి దారి, కల్వర్టు, కంచె కొలతలు రాయించుకోండి, వర్షాలకు గుర్తులు చెరిగిపోకముందే. సమాధుల తోట ఎవరి పేరున ఉందో చూసి ఆ సంస్థను వాదిగా చేర్చండి. ఊరి సంఘం తరఫున దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతి తీసుకోండి. మీరొక్కరే వేస్తే ఆ లోపం మీదే కొట్టేయమంటారు. తహశీల్దారును కూడా చేరుస్తే అదే కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, లేదా అత్యవసరమని చెప్పి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కంచె వేసిన తేదీ గుర్తు లేకపోతే ఆ వారం ఫోన్లలో తీసిన ఫోటోలు, మీ అమ్మగారి ఖనన రిజిస్టరు పేజీ తీసుకుని లాయరును కలవండి. మొదటి సంప్రదింపులోనే ఆ తేదీని కాగితం మీద పెట్టించండి.