పటర్ కొనే ముందు ఒక మాట

అల్లుడూ,

నలభై వేలు పెట్టి గోల్ఫ్‌కు కొత్త పటర్, అదే బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర, కొందామనుకుంటున్నావట, మామ ఏమంటాడో విన్నాకే కొంటానన్నావని అక్క చెప్పింది. సంతోషం. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. గోల్కొండ నయాఖిల్లా గోల్ఫ్ మైదానంలో, హోల్ చుట్టూ పొట్టి గడ్డి ఉండే గ్రీన్ల మీద ముందు ఆటగాళ్ల సంచి మోసే కేడీగా, తర్వాత పిల్లలకు ఆట నేర్పుతూ బతికినవాణ్ణి. జడ్చర్ల వచ్చేసి ఇంటిపట్టున ఉంటున్నా, పటింగ్ (పటర్‌తో బంతిని కొట్టడం) మాట వస్తే ఊరుకోలేను.

కొత్త పటర్ల గురించి కంపెనీలు చెప్పేదంతా అబద్ధమని నేననను. వాటి వల్ల మేలుంది. కానీ ఒక్కో రకం పటర్ ఒక్కో తప్పుకు పనికొస్తుంది. నీది ఆ తప్పేనా కాదా చూసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టు.

జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు 1959లో ఒక పటర్ చేశాడు. బంతికి తగలగానే పింగ్ అని మోగేది, ఆ చప్పుడే ఆయన కంపెనీకి పేరైంది. కర్ర కింద బంతికి తగిలే తల బరువును మధ్యలో ఉంచకుండా హీల్ (మనకు దగ్గరి కొస) వైపు, టో (అవతలి కొస) వైపు పంచాడు. దాంతో బంతి మధ్యలో కాకుండా కాస్త పక్కన తగిలినా తల మెలి తిరగడం తగ్గింది. 1966లో వచ్చిన ఆయన ఆన్సర్ పటర్ ఆకారాన్ని ఇవాళ్టికీ కంపెనీలన్నీ చేస్తూనే ఉన్నాయి. ఇప్పుడు షాపులో నువ్వు చూసే పెద్ద తలల మ్యాలెట్లన్నీ అదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లినవి. సరిగ్గా తగలని దెబ్బకు కూడా బంతి దాదాపు అనుకున్నంత దూరం పోతుంది. దూరం నుంచి కొట్టే పట్లలో ఇది నిజంగా కలిసొస్తుంది.

మరి నీకు బంతి ఎక్కడ తగులుతోంది? ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పటర్ ముఖాన్ని, అంటే బంతికి తగిలే వైపును, తడిగుడ్డతో తుడిచి, పలుచగా టాల్కం పౌడర్ అద్ది, పది పట్లు కొట్టు. గుర్తులన్నీ రూపాయి బిళ్లంత చోట పడితే మ్యాలెట్ నీకు కొత్తగా ఇచ్చేది తక్కువ. టో వైపు కొన్ని, హీల్ వైపు కొన్ని చెల్లాచెదురుగా పడితే కొనుక్కో, నేనే పంపిస్తా సగం డబ్బు.

ఎక్కువ మందిని ముంచేది మాత్రం వేరే తప్పు. బంతి తగిలే క్షణంలో ముఖం ఎటు చూస్తే బంతి దాదాపు అటే బయలుదేరుతుంది. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు రెండంగుళాల పైచిలుకు. పది అడుగుల నుంచి బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరితే హోల్ దగ్గరికి వచ్చేసరికి రెండంగుళాలు తప్పుతుంది. అప్పటికే అంచు మీదున్నట్టు. ఇరవై అడుగులైతే నాలుగంగుళాలు, ఇక ఆశలేదు. ముఖాన్ని తిప్పేది నీ మణికట్టు. తల ఎంత పెద్దదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు.

దీనికోసమే జీరో టార్క్ పటర్లు వచ్చాయి. కర్ర ఇరుసు తల గరిమనాభి (బరువు సమంగా తూగే చోటు) గుండా పోయేలా చేస్తారు కాబట్టి ఊపులో ముఖం దానంతటది పక్కకు తిరగదు. నువ్వు కొందామనుకుంటున్నది ఇదే అనుకుంటా. 2025 యూఎస్ ఓపెన్‌ను జె.జె. స్పాన్ అలాంటి పటర్‌తోనే గెలిచాడు, ఓక్‌మాంట్ మైదానంలో చివరి గ్రీన్ మీద అరవై నాలుగడుగుల పట్ వేసి. ముఖం నిలకడగా ఉండటానికి పటర్ సాయపడి ఉండొచ్చు. కానీ ఆ వాలు ఎంత, వేగం ఎంత అన్నది ఆయనే లెక్కగట్టుకోవాలి కదా. అదే టైగర్ వుడ్స్‌ను చూడు, తన పదిహేను మేజర్లలో (అన్నిటికన్నా పెద్ద పోటీలు) పద్నాలుగు ఒకే బ్లేడ్ (సన్నటి తల) పటర్‌తో గెలిచాడు. స్కాటీ షెఫ్లర్ 2024లో బ్లేడ్ వదిలి మ్యాలెట్ పట్టుకున్న మొదటి వారమే గెలిచాడు. ఎవరి చేతికి ఏది కుదిరితే అది.

మీ ఇంటి హాల్లో తాండూరు బండలున్నాయిగా, రెండు బండల మధ్య సందు పక్కన బంతి పెట్టి కొట్టు. సందులో పెట్టకు, అదే బంతిని లాక్కుపోతుంది. బంతి చుట్టూ పెన్నుతో ఒక గీత గీసి, దాన్ని సందుకు సమంగా నిలబెట్టు. గీత వంకర పోకుండా దొర్లుతూ, బంతి సందు వెంబడే పోతే నీ ముఖం సరిగ్గా ఉన్నట్టే. ఒకే వైపు జరుగుతుంటే ముందు కర్ర పట్టుకునే తీరు సరిచేసుకో. బండ మీద బంతి జోరుగా పోతుంది కాబట్టి దూరం మాత్రం అక్కడ నేర్చుకోకు.

దూరం, వాలు గ్రీన్ మీదే నేర్చుకోవాలి. బెర్ముడా గడ్డి గ్రీన్ అయితే గడ్డి ఎటు మొగ్గిందో చూడాల్సిందే. నువ్వు నిలబడ్డ చోటి నుంచి గడ్డి మెరుస్తూ కనిపిస్తే మొగ్గు హోల్ వైపు, బంతి తొందరగా పోతుంది. నల్లగా, మబ్బుగా కనిపిస్తే ఎదురు. అనుమానముంటే హోల్ దగ్గర వంగి అంచు చూడు. ఒక వైపు నీటుగా తెగి ఉంటుంది, రెండో వైపు పీచుపీచుగా ఎండి ఉంటుంది. ఆ పీచు వైపే గడ్డి మొగ్గు. ఈ చూపు ఏ షాపులోనూ దొరకదు. కోరిన పటర్ చేతికందే, అమెరికా పీజీఏ టూర్ పోటీల్లో ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్లే ఎనిమిదడుగుల నుంచి వేసేది సుమారు సగం. కాబట్టి నీకు తప్పిపోతే టెన్షన్ పడి పటర్ మార్చకు.

ముఖం మీది గాడులు, అందులో పొదిగే మెత్తటి ఇన్సర్ట్‌ల గురించి ఎక్కువ ఆలోచించకు. చెవికీ చేతికీ నచ్చితే చాలు. గురి కుదరక ఇబ్బంది పడుతుంటే మాత్రం తల మీద గీతలో, 2001లో ఒడిస్సీ కంపెనీ తెచ్చిన రెండు తెల్ల బిళ్లల్లాంటివో ఉన్నది చూసుకో, అది పనిచేస్తుంది.

పొడవు సంగతి అందరూ మరిచిపోతారు. నువ్వు బాగా వంగి నిలబడతావు. నీ వంపుకు కర్ర పొడుగైతే టో పైకి లేస్తుంది, కుడిచేతి వాటం వాడికి ముఖం ఎడమకు చూస్తుంది. నువ్వు ఎప్పుడూ ఎడమకే తప్పుతున్నానంటావే, నాకు అక్కడే అనుమానం. కర్ర కోయించడానికి అయ్యేది కొద్ది ఖర్చే. దసరాకు వచ్చేటప్పుడు పాత పటర్ వెంట తెచ్చుకో, నువ్వు నిలబడ్డప్పుడు టో కింద నాణెం దూరుతుందేమో చూసి ఎంత కోయాలో చెబుతా. పౌడర్ గుర్తుల ఫోటో అంతకన్నా ముందే పంపు.

నీ మామ