ఏథెన్స్‌లో ఓటుకు నోటు ఉండేదా?

ప్రాచీన ఏథెన్స్ ఎన్నికల్లో డబ్బు పంచేవాళ్ళా అని అడిగారు. పంచాలంటే ముందు ఎన్నికలుండాలి కదా! పదిమంది సేనాధిపతుల్ని, ఇంకొన్ని పదవులవాళ్ళని చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళు. మిగతావన్నీ, 500 మంది సభతో సహా, చీటీ తీసి నింపిన పదవులే. ఓటేసి ఎన్నుకోవడం కొద్దిమంది పెద్దల పాలనకి గుర్తు, చీటీ తీయడం ప్రజాస్వామ్యానికి గుర్తు అన్నది అరిస్టాటిల్ లెక్క. మన దగ్గర ఇద్దరు సర్పంచి అభ్యర్థులకి ఓట్లు సమానమైతే గతిలేక తీసే చీటీ వాళ్ళకి మొదటి పద్ధతి. ఏథెన్స్ గురించి రాస్తూ పక్కన బ్యాలెట్ పెట్టె బొమ్మ వేసేవాళ్ళని చూస్తే అందుకే నాకు ఒళ్ళుమంట.

డబ్బు దూరింది కోర్టుల్లోకి. క్రీ.పూ. 409లో పైలోస్ కోటని కాపాడి రమ్మని అనైటస్ అనే సేనాధిపతికి 30 ఓడలిచ్చి పంపారు. మలేయా అగ్రం దగ్గర తుఫాను అడ్డం వచ్చి వెనక్కి తిరిగొచ్చాడు, కోట చేజారింది. విచారణకి నిలబెడితే జ్యూరీకి, అంటే ఓటేసి తీర్పు చెప్పే మామూలు పౌరులకి, డబ్బిచ్చి బయటపడ్డాడు. ఏథెన్స్‌లో ఆ దారి చూపించిన మొదటివాడు ఇతనేనని ఏథెన్స్ పాలన గురించి అరిస్టాటిల్ పేరిట ఉన్న పుస్తకంలో ఉంది. పదేళ్ళ తర్వాత సోక్రటీస్ మీద కేసు పెట్టిన ముగ్గురిలో ఒకడు కూడా ఈ మహానుభావుడే!

అప్పట్లో ఎవరు ఏ కోర్టులో కూర్చుంటారో ముందే తెలిసిపోయేది. కొనేవాడికి అంతకంటే ఏం కావాలి? తర్వాతి శతాబ్దంలో ఆ సంగతి తెల్లవారేదాకా ఎవరికీ తెలియకుండా కట్టుదిట్టం చేశారు.

ప్రతి జ్యూరరుకీ ఒక బిళ్ళ. మొదట్లో కంచువి, తర్వాత చెక్కవి. దానిమీద పేరు, తండ్రి పేరు, ఊరు, పది అక్షరాల్లో ఒకటి. ఏథెన్స్ పౌరులు పది తెగలు. పొద్దున్నే తన తెగ ద్వారం దగ్గర, ఆ అక్షరమున్న పెట్టెలో బిళ్ళ వేయాలి. పెట్టెలు కుదిపి ఒక్కోదాంట్లోంచి ఒక బిళ్ళ తీస్తారు. ఎవరిది వస్తే వాడే ఆ పెట్టెలోని బిళ్ళల్ని జ్యూరర్లని చీటీ పద్ధతిలో ఎంచే రాతి పలకకి గుచ్చాలి. రోజూ ఒకడే గుచ్చితే మోసం చేస్తాడని ఆ పనికి కూడా చీటీయే!

రాతిలో నిలువుగా ఐదు వరసల గాడులు. తెగకి రెండు రాళ్ళు, పది తెగలకి ఇరవై. రాతి పక్కన గొట్టం, అందులో పైనుంచి నల్లవి, తెల్లవి పాచికలు కలిపి పోస్తారు. ఒక్కోటి కిందికి వదులుతారు. తెల్లది పడితే ఆ అడ్డవరసలో ఐదుగురికీ ఆ రోజు పని, నల్లది పడితే ఐదుగురూ ఇంటికి. ఒక కోర్టుకి 500 మంది కావాలంటే తెగకి 50, రాయికి 25, అంటే రాయికి ఐదు తెల్ల పాచికలు.

అంతటితో అయిపోలేదు. ఎంపికైనవాడు కుండలో చెయ్యి పెట్టి ఓక్‌కాయ ఆకారపు బిళ్ళ తీస్తాడు. దానిమీది అక్షరమే అతని కోర్టు. అధికారి అక్కడికక్కడే అతని పేరు బిళ్ళని ఆ కోర్టు పెట్టెలో పడేస్తాడు, ఇక వేరే కోర్టులోకి జారుకోవడానికి లేదు. చేతికి రంగు కర్ర ఇస్తారు, ఆ కోర్టు గుమ్మానికీ అదే రంగు. పచ్చ కర్రతో ఎర్ర గుమ్మం దగ్గరికి పోతే దొరికిపోతాడు.

వీళ్ళని కొనాలంటే తెల్లవారాక, విచారణ మొదలయ్యేలోపు, ముందు తెలియని 500 మందిలో సగానికి పైగా పట్టుకోవాలి. పట్టుకున్నా వాడు ఎటు వేశాడో తెలియదు. జ్యూరరుకి రెండు కంచు చక్రాలిస్తారు, ఒకదాని ఇరుసు బోలు, ఇంకోదానిది గట్టి. బోలుది ఫిర్యాదీకి, గట్టిది ముద్దాయికి. ఇరుసు రెండు కొసల్నీ వేళ్ళతో మూసి పట్టుకుని, లెక్కలోకొచ్చేదాన్ని కంచు పాత్రలో, రెండోదాన్ని చెక్క పాత్రలో వేస్తాడు. వేశాక ఇచ్చే బిళ్ళ చూపిస్తేనే మూడు ఓబోల్ నాణేల కూలి.

మరి డబ్బు ఏమైందంటారా? కక్షిదారు తన తరఫున తానే మాట్లాడాలి కాబట్టి, ఆ మాటలు రాసిపెట్టేవాళ్ళ దగ్గరికి చేరింది. లైసియస్, డెమోస్థనీస్ ఇద్దరూ ఆ కూలి తీసుకుని రాసినవాళ్ళే.